తెలియనిదానికి మూడు దారులు

పాత నవలల సంచి ఒకటి ఈమధ్య మా ఇంటికి చేరింది. ఒకప్పుడు పుస్తకాలు కిరాయికిచ్చిన షాపు మూతపడ్డాక, చేతులు మారి మారి హవేలిఘనపూర్ దాకా వచ్చిన సంచి అది. అట్టలు ఊడిపోయినవి, దారంతో కుట్టుకున్నవి, లోపల చాయ్ మరకలు పడ్డవి అందులో ఉన్నాయి. రాత్రి అన్నం తిన్నాక ఏదో ఒకటి తీసి చదవడం అలవాటైంది. వాటిలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఒకటి. దాని మొదటి పేజీలో, నవల పేరు కింద, ఎవరో పెన్సిల్‌తో ఒక పాత్ర పేరు రాసి పక్కనే "ఇతనే చంపింది" అని చేర్చారు. ముందు చదివినవాళ్ళు తర్వాత చదవబోయేవాళ్ళకు చేసే ఇలాంటి అన్యాయాలు కిరాయి పుస్తకాల కాలంలో మామూలే. అయినా ఆ పెన్సిల్ అక్షరాలు నన్ను వదలడం లేదు. అదే సంచిలో క్షుద్ర నవలలున్నాయి, జానపద నవలలున్నాయి. వాటి మొదటి పేజీల్లో ఎవరూ ఏమీ రాయలేదు. రాయాలని ఎవరికీ ఎందుకు అనిపించలేదు? ఒక్క పేరు బయటపెడితే ప్రాణం పోయే నవల ఒకటి, కథంతా ముందే చెప్పినా చెక్కుచెదరని నవల ఇంకొకటి. రెండూ ఒకే అరలో ఉండి, ఒకే కిరాయికి, ఒకే పాఠకుడి చేతికి వెళ్ళినవే. మరి ఈ తేడా ఎక్కడ పుట్టింది?

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సంగతే చూడండి. దాని తరువాయి నవల పేరు 'తులసి'. ఆ పేరు వింటేనే తెలిసిపోతుంది, మొదటి నవలలో తులసి అనే పాప ప్రాణాలతో బయటపడిందని. అలా తెలిసి చదివినా భయం ఒక్క పిసరు కూడా తగ్గదు. చందమామ ధారావాహికల్లో కథానాయకుడు గెలుస్తాడని మొదటి నెలలోనే తెలుసు. తెలిసి కూడా తర్వాతి సంచిక కోసం నెలంతా ఎదురుచూసేవాళ్ళం. అంటే తెలియకపోవడం మీద పూర్తిగా ఆధారపడేది డిటెక్టివ్ నవల ఒక్కటేనా? అట్లయితే అది మిగతా రెండింటికన్నా పల్చనిదా? ఈ అనుమానం తీర్చుకోవాలని ఆ పెన్సిల్ పేరును గుర్తుంచుకునే నవలంతా చదివాను. చదవడం సాగింది, కాకపోతే నా చూపు మారింది. హంతకుణ్ణి రచయిత మొదటిసారి గదిలోకి ఎప్పుడు తెచ్చాడు, అతనికి ఎంత మామూలు మాట ఇచ్చాడు, ఏ చిన్న అబద్ధాన్ని మన కళ్ళ ముందే దాటించాడు, ఇవన్నీ కనిపించడం మొదలైంది. అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'రోజర్ ఆక్రాయిడ్ హత్య'ను రెండోసారి చదివినవాళ్ళకు ఈ అనుభవం బాగా తెలుసు. మొదటిసారి ఎవరు చేశారో వెతుకుతాం, రెండోసారి మనల్ని ఎట్లా నమ్మించారో వెతుకుతాం. పేరు తెలిసిపోయాక చచ్చింది ఉత్కంఠ మాత్రమే. విచారణ ఇంకా బతికే ఉంది.

మూడు రకాల నవలల మధ్య తేడా గురించి ఆలోచిస్తున్నప్పుడల్లా నాకు మెదక్ ఖిల్లా గుర్తొస్తుంది. కాకతీయుల నాటి కోట అది. తర్వాత కుతుబ్‌షాహీల చేతిలోకి వచ్చింది. ఊరికి దగ్గరే కాబట్టి చిన్నప్పుడు సెలవు దొరికితే అటు పోయేవాళ్ళం. కోట ఉన్న ప్రతి ఊళ్ళోలాగే ఇక్కడా పిల్లల నోళ్ళలో ఒక సొరంగం ఉండేది. దాన్ని ఎవరమూ చూడలేదు, అయినా ఉందని అందరం నమ్మేవాళ్ళం. దాని గురించి మాట్లాడుకునేటప్పుడు మాలో మూడు రకాల వాళ్ళు తేలేవాళ్ళు. దాన్ని ఎవరు తవ్వించారు, ఎందుకు మూయించారు, లోపల ఏం దాచారు అని ఒకడు ఆరాలు తీసేవాడు. ఇంకొకడు గొంతు తగ్గించి, లోపల ఇప్పటికీ ఎవరో ఉన్నారనేవాడు. ఆ మాటతో మేం దగ్గరగా జరిగి కూర్చునేవాళ్ళం. మూడోవాడికి ఆ రెండూ పట్టేవి కావు. అటువైపు ఎక్కడ తేలుతుంది, అక్కడ ఎలాంటి రాజ్యం ఉంటుంది అన్నదే వాడి ధ్యాస. సొరంగం ఒక్కటే, చీకటి ఒక్కటే. అడిగే ప్రశ్నను బట్టి అది డిటెక్టివ్ కథ అయ్యేది, దయ్యం కథ అయ్యేది, జానపద కథ అయ్యేది. ఆ ముగ్గురిలో నేను ఏ పక్షమో అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పుడైనా తేల్చుకోగలనా అంటే, పుస్తకాన్ని బట్టి, పూటను బట్టి మారుతుంటాను.

ఈ మూడు ప్రశ్నలు మూడు కాలాల వైపు చూస్తాయని నాకనిపిస్తుంది. డిటెక్టివ్ నవల వెనక్కి చూస్తుంది: ఏం జరిగింది? శవం అప్పటికే పడి ఉంటుంది, ఘోరం అయిపోయి ఉంటుంది. మిగిలింది దాన్ని అర్థం చేసుకోవడమే. అందుకే హత్యతో మొదలైనా ఆ నవలలో ఒక నిమ్మళం ఉంటుంది. భయపెట్టే నవల ముందుకు చూస్తుంది: ఏం జరగబోతోంది? అక్కడ ఇంకా ఎవరూ చావలేదు. మనకు ఇష్టమైన మనిషి బతికి ఉంటుంది, నవ్వుతుంటుంది, అన్నం తింటుంటుంది. అదే భయం. జానపద నవల వెనక్కీ ముందుకూ కాక పక్కకు చూస్తుంది: ఇట్లా కాకుండా ఇంకెట్లా ఉండవచ్చు? అక్కడ కాలానికి తేదీ ఉండదు, దేశానికి సరిహద్దు ఉండదు. జరిగిందా, జరుగుతుందా అన్న లెక్కే ఉండదు. అందుకే కాబోలు, డిటెక్టివ్ నవలను పగటిపూట బస్సులో కూర్చుని చదవగలను, భయం నవలకు ఇల్లూ రాత్రీ కావాలి, జానపద నవలకు పూటతో పని లేదు. మరి ఒక నవల మూడు వైపులా చూస్తే? అలాంటిది ఒకటి మనకు ఎప్పటినుంచో ఉంది. దాని దగ్గరికి కాస్త ఆగి వస్తాను.

ముందు యుగంధర్. కొమ్మూరి సాంబశివరావు 1926లో పుట్టి 1994లో పోయారు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ మద్రాసులో ఉంటాడు, అసిస్టెంటు రాజు వెంట ఉంటాడు. అంతకు ముందు తరం తెలుగు పాఠకులకు ఈ రుచి చూపించినవి పాంచ్‌కడీ దే బెంగాలీ నవలల అనువాదాలు. ఇంకా వెనక్కి పోతే 1841లో ఎడ్గార్ ఆలన్ పో రాసిన పారిస్ హత్యల కథ, 1887లో కానన్ డాయిల్ తెచ్చిన షెర్లాక్ హోమ్స్. ఈ కథలన్నీ నగరాల్లో పుట్టాయి. పక్కింటివాళ్ళెవరో తెలియనిచోట, పోలీసు స్టేషనూ కోర్టూ దినపత్రికా ఉన్నచోట మాత్రమే అపరాధ పరిశోధకుడికి పని దొరుకుతుంది. ఎల్లారెడ్డి రోడ్డు మీద ఉన్న మా ఊళ్ళో కూర్చుని ఆ నవలలు చదివిన మాకు హత్య కంటే మద్రాసే పెద్ద వింత. టెలిఫోను మోగగానే లేచి కారెక్కి పోయే మనిషి వింత. అట్లాగైతే ఆ నవలల్లో మేం చదివింది రహస్యమా, అద్భుతమా? మధుబాబు షాడో దగ్గరికి వచ్చేసరికి ఈ గీత ఇంకా చెరిగిపోతుంది. షాడో నవలలో ఎవరు చేశారన్నది చాలాసార్లు ప్రశ్నే కాదు. శత్రువు తెలిసినవాడే, అతని కోటలోకి పోయి ప్రాణాలతో తిరిగి రావడమే కథ. ఏడు సముద్రాలు దాటిన రాజకుమారుడికీ దేశాలు దాటిన షాడోకీ మధ్య పాఠకుడి మనసుకు పెద్ద దూరం ఉందని నేననుకోను.

ఆ రాజకుమారుణ్ణి నాకు ముందుగా చూపించింది పుస్తకం కాదు, మా అవ్వ. మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంటుందనీ, ఆ చిలుక సముద్రాల అవతల ఉంటుందనీ వేలితో చీకట్లోకి చూపించి చెప్పేది. శారదకాండ్రు పాడే బాలనాగమ్మ కథను ఆమె చిన్నప్పుడు రాత్రంతా కూర్చుని విన్నదట. తర్వాత చందమామ వచ్చింది మా చేతికి. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'మాయాసరోవరం' లాంటి ధారావాహికలెన్నో రాశారు. వాటి కింద ఆయన పేరు అచ్చు వేసేవాళ్ళు కాదు. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మల్లోని కొండలూ శిథిలాలూ వింత జంతువులూ మాత్రమే మాకు తెలుసు. ఆ కథను ఒక మనిషి మద్రాసులో కూర్చుని రాస్తున్నాడన్న ఊహే మాకు రాలేదు. అదంతా ఎక్కడో జరుగుతోందనీ నెలకోసారి మాకు కబురు అందుతోందనీ అనిపించేది. అద్భుతం పండాలంటే రచయిత అంతగా తప్పుకోవాలేమో. డిటెక్టివ్ నవలలో రచయిత మనకు ఎదురుగా కూర్చుని ఆడతాడు, భయం నవలలో వెనక నిలబడతాడు. జానపద నవలలో అసలు కనపడడు.

అద్భుత కథలు పలాయనమని పెద్దవాళ్ళు అంటుంటారు. ఈ మాట నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. టోల్కీన్ 1939లో స్కాట్లండ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో దీనికి జవాబు చెప్పాడు. జైల్లో ఉన్నవాడు బయటి లోకం గురించి ఆలోచిస్తే దాన్ని తప్పనగలమా అన్నది ఆయన వాదం. కానీ నాకు అంతకన్నా దగ్గరి జవాబు కొడవటిగంటి కుటుంబరావు జీవితంలో దొరికింది. ఆయన హేతువాది, మార్క్సిస్టు, మూఢనమ్మకాల మీద గట్టిగా రాసిన మనిషి. అలాంటి మనిషి 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామ సంపాదకుడిగా మాంత్రికులనీ రాక్షసులనీ బేతాళుణ్ణీ తెలుగు పిల్లల ఇళ్ళకు పంపుతూ పోయారు. ఇది ఎట్లా కుదిరింది? దయ్యాలు లేవని తెలిసిన మనిషి దయ్యాల కథలను అంత ప్రేమగా దిద్దితీర్చాడంటే, కథలోని దయ్యానికీ నమ్మకంలోని దయ్యానికీ మధ్య ఆయన ఒక గట్టి గీత చూసి ఉండాలి. ఆ గీత ఎక్కడుందన్నదే నా అసలు ప్రశ్న అని ఈ వ్యాసం రాస్తూ రాస్తూ ఇప్పుడు అర్థమవుతోంది.

మూడు వైపులా చూసే కథ అన్నాను కదా, అది బేతాళ కథ. శ్మశానం, అర్ధరాత్రి, భుజాన శవం. ఇంతకన్నా భయానకమైన మొదలు ఏ నవలకూ లేదు. ఆ శవంలోని బేతాళుడు కథ చెప్పి చివర ఒక చిక్కుముడి వేస్తాడు, తెలిసి జవాబు చెప్పకపోతే తల పగులుతుందంటాడు. అది నికార్సైన డిటెక్టివ్ ప్రశ్న: వీళ్ళలో తప్పు ఎవరిది, త్యాగం ఎవరిది? విక్రమార్కుడు తర్కంతో విప్పుతాడు. విప్పగానే మౌనం భంగమై శవం ఎగిరి మళ్ళీ చెట్టెక్కుతుంది. అది అద్భుతం. చందమామలో శంకర్ గీసిన ఆ బొమ్మ, కత్తి పట్టిన రాజు, భుజాన వేలాడే శవం, మూడు రసాలను ఒకే చట్రంలో పట్టుకుంది. ఇంగ్లీషు డిటెక్టివ్ కథలో జవాబుతో కథ ముగుస్తుంది. మన కథలో జవాబుతో కథ మళ్ళీ మొదలవుతుంది. తెలుసుకోవడం వల్ల చీకటి పోదు, మళ్ళీ నడవాల్సి వస్తుంది. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో చివరి ప్రశ్నకు రాజు దగ్గర జవాబుండదు. ఆ మౌనమే అతణ్ణి గట్టెక్కిస్తుంది. ఆ కథలన్నిటికీ మూలమని చెప్పే బృహత్కథను గుణాఢ్యుడు శాతవాహనుల కొలువులో ఉండి పైశాచీ భాషలో రాశాడని ఐతిహ్యం. శాతవాహనుల నాటి పట్టణమొకటి ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, కొండాపూర్‌లో, 1940లలో తవ్వకాల్లో బయటపడింది. పిశాచాల భాషలో పుట్టాయని చెప్పే కథలు ఈ దక్కను నేలకు పరాయివి కావు.

మన పాత శాస్త్రం ఈ మూడింటినీ ఏ అరలో పెడుతుందో చూద్దామని ఒక రాత్రి రసాల పట్టీ ముందేసుకున్నాను. భయానికి భయానక రసం ఉంది. వింతకు అద్భుత రసం ఉంది, దానికి విస్మయం స్థాయి. రహస్యానికి? తొమ్మిది రసాల్లో దానికి చోటు లేదు. వెతగ్గా వెతగ్గా ముప్పైమూడు సంచారి భావాల్లో కనిపించింది: ఔత్సుక్యం, వితర్కం. సంచారి అంటే వచ్చి పోయేది, నిలవనిది. పెన్సిల్‌తో రాసిన ఒక పేరు డిటెక్టివ్ నవల ఉత్కంఠను ఎందుకు చంపగలిగిందో నాకు అక్కడ కొంత తెలిసింది. ఆ ఉత్కంఠ నిలబడ్డ భావమే నిలవనిది. జవాబు దొరకగానే వెళ్ళిపోతుంది. భయం, విస్మయం స్థాయి భావాలు. కథ అయిపోయినా మనలో ఉండిపోతాయి. అయితే వెళ్ళిపోయేది తక్కువదని అనుకోబుద్ధి కాలేదు. మెదక్‌కు దగ్గర్లోనే కొల్చారం ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచల మల్లినాథసూరి ఊరు అది. మూలంలో లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం పండితులందరికీ తెలుసు. ప్రతి మాటకూ ఆధారం అడిగిన మనిషి మా నేల మీద ఆరు శతాబ్దాల కిందటే తిరిగాడు. వితర్కం రసం కాకపోవచ్చు, కానీ అది లేకపోతే మిగతా రసాలు మనిషిని ఎటు తీసుకుపోతాయో మా జిల్లాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఎందుకంటే మాది బాణామతి అనే చేతబడి భయాన్ని చూసిన జిల్లా. ఇంటి మీద రాళ్ళు పడ్డాయని, దండెం మీద బట్టలు వాటంతటవే అంటుకున్నాయని, ఆడమనిషి ఉన్నట్టుండి అరవడం మొదలుపెట్టిందని మొదలయ్యే మాటలు చివరికి ఒక మనిషి పేరు దగ్గర ఆగుతాయి. ఆ మనిషి చాలాసార్లు ఒంటరిది, వయసు మళ్ళినది, పేదది. లేదా నలుగురితో కలవని మగమనిషి. చేతబడి చేశారన్న అనుమానంతో కొట్టడం, మంత్రం చదవకుండా పళ్ళు ఊడగొట్టడం, చంపడం — ఇలాంటి వార్తలు తెలంగాణ పల్లెల నుంచి దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. అలాంటిచోట కూర్చుని క్షుద్ర నవల చదవడం హైదరాబాదులో చదవడం లాంటిది కాదు. అక్కడ పుస్తకం మూస్తే దయ్యం లోపలే ఉండిపోతుంది. ఇక్కడ పుస్తకంలోని మాట బయట వాడకంలో ఉన్న మాటే. 'తులసిదళం' వచ్చిన రోజుల్లో రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయిదమ్ము' అని పుస్తకమే రాశారు. ఆ కోపం సాహిత్యానికి సంబంధించింది మాత్రమే కాదు. ఫ్రెంచి విమర్శకుడు తొదొరొవ్ 1970లో రాసిన పుస్తకం ప్రకారం, జరిగినదానికి కారణం ప్రకృతిలో ఉందా, దానికి అతీతంగా ఉందా అని పాఠకుడు తేల్చుకోలేని సందిగ్ధంలోనే ఇలాంటి వింత కథకు బలం ఉంటుంది. చేతబడినీ వైద్యాన్నీ పక్కపక్కనే నడిపించిన 'తులసిదళం' బలం కూడా అదే. కానీ ఆ సందిగ్ధం పుస్తకంలో ఆనందమైతే, బజారులో అది ఒక ముసలమ్మ ప్రాణానికి వస్తుంది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోవడం నాకు చేతకావడం లేదు.

మా చిన్నప్పుడు ఒక వాడలో ఇట్లాగే బట్టలు అంటుకున్నాయన్న ముచ్చట లేచింది. రెండు రోజుల్లో అది మూడు ఇళ్ళయింది, నాలుగోరోజుకు ఒక పేరు కూడా గుసగుసల్లో తిరగడం మొదలైంది. అప్పుడు బడి పంతులు ఒకాయన ఆ వాడకు పోయి అరుగు మీద కూర్చున్నాడు. దయ్యాలు లేవని ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవర్నీ కోప్పడలేదు. "ముందుగాల ఎవరు చూసిండ్రు? గప్పుడు ఇంట్ల ఎవరెవరున్నరు? పొయ్యి ఎక్కడున్నది, దండెం ఎక్కడున్నది?" అని ఒక్కొక్కర్నే అడుగుతూ పోయాడు. సాయంత్రానికి తేలిందేమిటంటే, కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ ఎవరో చెప్తే విన్నవాళ్ళే. గుసగుసల్లో తిరిగిన ఆ పేరు ఇక ఎవరి నోటా రాలేదు. ఆయన డిటెక్టివ్ నవలలు చదివేవాడో కాదో నాకు తెలియదు. కానీ ఆయన అడిగినవి యుగంధర్ అడిగే ప్రశ్నలే. ఈ సంగతి అవ్వకు చెబితే ఆమె ఒక మాట అంది: "దయ్యం కంటె దాని ముచ్చట పెద్దది బిడ్డా." జీవితమంతా మాంత్రికుల కథలు చెప్పిన మనిషి అన్న మాట అది. కథను కథగా చెప్పడం వచ్చినవాళ్ళకు, పుకారును పుకారుగా గుర్తుపట్టడం కూడా వస్తుందన్నమాట.

అవ్వ చెప్పిన మాంత్రికుడూ క్షుద్ర నవలలోని మాంత్రికుడూ ఒకరేనా అన్నది తర్వాత చాలా ఆలోచించాను. ఇద్దరికీ గడ్డం ఉంది, ఇద్దరికీ మంత్రాలున్నాయి. తేడా అంతా దూరంలో ఉంది. జానపద కథలో మాంత్రికుడు కొండల అవతల గుహలో ఉంటాడు. వాడి గుర్తులు మన ఊళ్ళో ఎవరికీ ఉండవు, వాడి ప్రాణం ఉన్న చిలుక మన చెట్ల మీద వాలదు. 'పాతాళభైరవి' సినిమా 1951లో వచ్చినప్పటినుంచీ ఎంతమంది పిల్లలు మాంత్రికుడి వేషంలోని ఎస్వీ రంగారావును చూసి దడుసుకున్నా, బయటికొచ్చి వీధిలో ఎవర్నీ అనుమానించలేదు. క్షుద్ర నవలలో అట్లా కాదు, మాంత్రికుడు పక్క వీధిలో, మనం రోజూ పోయే దారిలో ఉంటాడు. భయం పండాలంటే దగ్గరితనం కావాలి కదా, అదే ఆ నవల పనితనం. ఆ దగ్గరితనమే దాని ప్రమాదం కూడా. కుటుంబరావు చూసిన గీత ఇక్కడే ఉందేమో. దూరంగా ఉన్న చెడును చూపిస్తే పిల్లవాడు చెడుతో పోరాడటం నేర్చుకుంటాడు, దగ్గరి మనిషిలో చెడును చూపిస్తే మనిషిని అనుమానించడం నేర్చుకుంటాడు.

అట్లాగని భయం నవలను అవతల పారేయమని చెప్పను, చెప్పలేను. భయానికి సాహిత్యంలో చోటు లేకపోతే మనుషుల్లో ఉన్న భయం నోరు లేనిదైపోతుంది. మేరీ షెల్లీ 1818లో రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్'ను మొదటిసారి చదివినప్పుడు నేను ఎదురుచూసింది భూతాన్ని. కొంత చదివాక ఆ భూతమే మాట్లాడటం మొదలుపెట్టింది. దాని మాటలు వింటూ వింటూ నా భయం జాలిగా మారిపోయింది. ఆ నవలలో దానితో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడినవాడు ఒక గుడ్డి ముసలాయన, ఎందుకంటే ఆయనకు దాని రూపం కనిపించదు. చూపున్నవాళ్ళు రాగానే కొట్టి తరిమేస్తారు. భయానక రసం చేయగలిగిన అతి గొప్ప పని ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది: మనం ఎవర్ని చూసి భయపడుతున్నామో వాళ్ళ గొంతు మనకు వినిపించడం. మా నేల మీద పుట్టాల్సిన భయం నవల ఎలాంటిదో అప్పటినుంచీ నాకు తెలుసు. అందులో ఊరి చివర గుడిసెలో ఒంటరి ముసలమ్మ ఉంటుంది. రాత్రి ఆమె తలుపు బయట అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఆ అడుగులు దయ్యానివి కావు, ఊరివాళ్ళవి. పాఠకుడు ఆమెతో పాటు తలుపు లోపల ఉంటాడు. అంతకు మించిన భయం నేను ఊహించలేను. ఆ నవల చదివినవాడు మరునాడు ఏ వాడలోనైనా గుంపులో కలవగలడా?

కాబట్టి మూడు రకాల నవలల్లో ఏది గొప్పదని నన్నడిగితే, వరస చెప్పగలను గానీ స్థాయి చెప్పలేను. ముందు జానపదం రావాలి, లోకం ఇప్పుడున్నట్టే ఉండనక్కర్లేదని మనసుకు తెలియడానికి. తర్వాత డిటెక్టివ్ నవల రావాలి, ఎవరు చూశారు, ఆధారమేది అని అడిగే అలవాటు పడటానికి. ఈ రెండూ ఒంటబట్టాక భయం నవల రావాలి. అప్పుడు అది మనలో అనుమానాన్ని కాక జాలిని లేపుతుంది. వరస తప్పితే అదే నవల హాని చేయగలదు. ఊహ పెరగకముందే, ప్రశ్న రాకముందే భయం వచ్చిన ఊళ్ళలో ఏం జరిగిందో మనం చూశాం.

2016లో మండలకేంద్రమైన మా హవేలిఘనపూర్‌లో డైట్ కళాశాల ఉంది. రేపు ఊరూరా చిన్న పిల్లలకు పాఠాలు చెప్పబోయేవాళ్ళు అక్కడ చదువుకుంటున్నారు. వాళ్ళకు నేను చెప్పదలుచుకున్నది ఇది. మీరు పోయే బడిలో గ్రంథాలయం ఒక బీరువా అంతే ఉన్నా సరే, అందులో దాసరి సుబ్రహ్మణ్యం ఉండేలా చూడండి, కొమ్మూరి ఉండేలా చూడండి. దయ్యాల కథ అడిగిన పిల్లవాణ్ణి తిట్టకండి. కథ చెప్పి, చివర ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ముందుగాల ఎవరు చూసిండ్రు?" ఆ ప్రశ్న పిల్లల నోటికి అలవాటైన ఊళ్ళో బాణామతి పేరు చెప్పి ఒక మనిషి మీద చెయ్యెత్తడం అంత తేలిక కాదు.